పిల్లల పేర్లు, వార్బుల్టన్ పాదిరిగారి రిజిస్టరు



మొన్న ఒక ఆదివారం ఆరాధన ముగిసి చాపలు చుడుతుండగా ఒక యౌవన దంపతులు పసిబిడ్డను ఎత్తుకొని మా దగ్గరకు వచ్చారు. ప్రతిష్ఠకు తేదీ అడిగారు, పేరు కూడా అడిగారు. "బైబిలు పేరే కావాలి అయ్యగారూ, కానీ మన చుట్టుపక్కల ఎవ్వరికీ ఉండకూడదు" అన్నాడు తండ్రి. తల్లి ఫోను తీసి తాము ఏరి పెట్టుకున్న పేర్లు చూపించింది. పన్నెండు ఉన్నాయి. నాలుగో పేరు నాబాలు.

"నాబాలు ఎవరో తెలుసా తల్లీ?" అని అడిగాం.

"దావీదు కథలో వస్తాడు కదండీ. గొప్ప ఆస్తిపరుడు."

ఆస్తిపరుడే, కాదనం. ఆ పేరుకు మూర్ఖుడని అర్థం. సొంత భార్య అబీగయీలే దావీదు ఎదుట నిలబడి, మా ఆయన పేరు ఎలాంటిదో మనిషీ అలాంటివాడేనని ఒప్పుకోవలసి వచ్చింది. ఈ మాట చెబితే ఆ అమ్మాయి నవ్వి ఆ పేరు కొట్టేసింది. మిగిలినవాటికి మేము రెండు వారాలు గడువు అడిగాం. వాళ్ళకు కొంచెం నిరుత్సాహం కలిగింది. పాస్టరు అంటే పేరు జేబులో పెట్టుకొని తిరుగుతాడని వాళ్ళ అనుకోలు. కానీ తొందరపడి పేరు పెట్టి మేము ఒకసారి పొరపాటు చేశాం. ఆ సంగతి కూడా రాస్తాం. అంతకన్నా ముందు, మాలాంటి పాదిరులే వెనకటికి చేసిన పనులు కొన్ని చెప్పాలి. ఈ రెండు వారాలూ రాత్రిపూట ఆ చరిత్రే తిరగేశాం.

మొదట జెనీవా పట్టణానికి వెళ్దాం. అక్కడ కాల్విను గారు సంఘాన్ని దిద్దుతున్న రోజులు. 1546 ఆగస్టులో అమీ షాప్వి అనే మంగలి తన కొడుకును బాప్తిస్మానికి తెచ్చాడు. పేరు క్లోడ్ అని అనుకొని వచ్చారు. ఆ ప్రాంతంలో అది ఇంటింటా ఉండే పేరు, ఎందుకంటే దగ్గరలోనే సెయింట్ క్లోడ్ అనే పరిశుద్ధుని యాత్రాస్థలం ఉండేది. అదే పాదిరులకు నచ్చలేదు. పరిశుద్ధులను మొక్కే అలవాటు పోవాలంటే వాళ్ళ పేర్లూ పోవాలని వాళ్ళ తీర్మానం. అంచేత ఆ పాదిరి తండ్రితో ఒక్క మాట కూడా అనకుండా బిడ్డకు 'అబ్రాహాము' అని పేరు పెట్టి బాప్తిస్మం ఇచ్చేశాడు. గుడిలో గలాటా అయింది. ఆ తండ్రి బిడ్డను తీసేసుకొని, వీడికి పదిహేనేళ్ళు వచ్చేదాకా ఆగుతాను, వాడి పేరు వాడే పెట్టుకుంటాడు అన్నాడు. ఆ మాటకు జైలుకు వెళ్ళాడు. నవంబరు వచ్చేసరికి పట్టణ సభ నిషేధించిన పేర్ల జాబితాతో ఏకంగా చట్టమే చేసింది. క్లోడ్ పోయింది. జ్ఞానులు ముగ్గురికీ జనం పెట్టిన పేర్లు పోయాయి. ఆదివారం, క్రిస్మస్, ఈస్టరు అనే అర్థం వచ్చే పేర్లు పోయాయి. దేవునికి మాత్రమే చెల్లుతుందని ఇమ్మానుయేలు కూడా పోయింది. అలాంటి చట్టం మన మండలంలో ఉంటే మన సంఘపు హాజరు పట్టీలో సగం పేర్లు కొట్టేయాలి.

కాల్విను గారి మీద మాకు గౌరవం ఉంది. అయినా ఈ విషయంలో మేము ఆ మంగలి పక్షం. లూకా సువార్త మొదటి అధ్యాయంలో బంధువులంతా కూడి పసివాడికి తండ్రి పేరే పెడదామని పట్టుబడితే, నోటమాట లేని జెకర్యా పలక తెప్పించుకొని పేరు రాశాడు. ఆ ఇంట పేరు పలికింది తల్లి, రాసింది తండ్రి. వేరే యాజకులెవరూ కలుగజేసుకోలేదు.

జెనీవా నుండి ఈ ఆలోచన ఇంగ్లండుకు ఎలా వెళ్ళిందో చూడండి. మేరీ రాణి కాలంలో, అంటే 1553 నుండి 1558 వరకు, ప్రాణభయంతో పారిపోయిన ఇంగ్లీషు విశ్వాసులు కొందరు జెనీవాలో తలదాచుకున్నారు. అక్కడే వాళ్ళు బైబిలును తమ భాషలోకి తెచ్చి 1560లో అచ్చువేశారు. దాన్నే జెనీవా బైబిలు అంటారు. దాని చివర ఒక పట్టిక ఉంటుంది. పాత నిబంధన పేర్లు, వాటి అర్థాలు వరుసగా వేశారు. తలిదండ్రులు ఇందులోనుంచి పేర్లు తీసుకోవాలి, బిడ్డ తన పేరు విన్నప్పుడల్లా దేవుని సొత్తునని గుర్తు చేసుకోవాలి అని వాళ్ళ ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అప్పటి ఇంగ్లండులో పేరు పెట్టేది సాధారణంగా బాప్తిస్మ సాక్షులు. జ్ఞానపితరులన్నమాట. వాళ్ళు తరచు తమ పేరే బిడ్డకు పెట్టేవారు. జాన్‌లు, విలియమ్‌లు, టామస్‌లు ఊరినిండా ఉండేవారు. ఇందులో భక్తి ఏముంది అని ప్యూరిటన్ పాదిరులు అడిగారు.

అయితే కొందరికి హెబ్రీ పేర్లు కూడా చాలలేదు. అర్థం తెలియని హెబ్రీ మాటకన్నా అర్థం తెలిసే ఇంగ్లీషు మాటే పేరుగా పెడితే పోలేదా అనుకున్నారు. కెంట్ జిల్లా క్రాన్‌బ్రూక్‌లో డడ్లీ ఫెన్నర్ అనే యువ పాదిరి 1583లో తన బిడ్డకు 'మోర్ ఫ్రూట్' అని పేరు పెట్టాడు. మరి ఎక్కువ ఫలం అని అర్థం. రెండేళ్ళకు ఇంకో బిడ్డకు 'ఫెయింట్ నాట్' అని పెట్టాడు. సొమ్మసిల్లకు అని అర్థం. ఆ పాదిరి తన నమ్మకం కోసం చెరసాలకు వెళ్ళి, తర్వాత సముద్రం దాటి హాలండు దేశానికి పోయి 1587లో చిన్న వయసులోనే చనిపోయాడు. ఈ సంగతి తెలిశాక ఆ 'సొమ్మసిల్లకు' అనే పేరును చూసి నవ్వడం మాకు చేతకాలేదు.

ఇక ససెక్స్ జిల్లా. వార్బుల్టన్ ఒక పల్లె. అక్కడి పాదిరి టామస్ హేలీ. మేమూ పల్లెటూరి పాస్టరులమే గనుక ఈ మనిషి మీద మాకు మొదటినుండీ ఆసక్తి. ఇంగ్లండులో 1538 నుండి ప్రతి గుడిలో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు రిజిస్టరులో రాయాలని రాజాజ్ఞ ఉంది. ఆ రిజిస్టర్ల వల్లనే ఈ కథ మనదాకా వచ్చింది. హేలీ గారి సొంత బిడ్డల పేర్లు అందులో ఉన్నాయి. 1585లో కొడుకు పుడితే 'మచ్ మెర్సీ', బహు కనికరం. 1587లో కూతురు, 'ఇంక్రీస్‌డ్', విస్తరించినది. 1588లో ఇంకో కూతురు, 'సిన్ డినై', పాపాన్ని కాదను అని. 1589లో కొడుకు, 'ఫియర్ నాట్', భయపడకు.

ఆయనలో మాకు నచ్చిందేమంటే ముందు తన ఇంట్లోనే పెట్టాడు. ఊరివాళ్ళ పిల్లల మీద ప్రయోగం చేసి తన పిల్లలకు చక్కటి పేర్లు దాచుకోలేదు. కానీ పాదిరిగారి ఇంట ఒక పద్ధతి మొదలైతే పల్లెలో ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. ఊళ్ళో పిల్లలకు కూడా 'సారీ ఫర్ సిన్', 'నో మెరిట్', 'లామెంట్' లాంటి పేర్లు వచ్చాయి. పాపానికి దుఃఖించు, ఏ యోగ్యతా లేదు, విలపించు. ఒక్క క్షణం ఆగి వీటిని మన ఇళ్ళలో ఊహించుకోండి. పొద్దుపోయి వీధిలో ఆడుకుంటున్న పిల్లను తల్లి వాకిట్లో నిలబడి "ఏ యోగ్యతా లేదూ, అన్నం తిందువు రావే" అని కేకేయడం. ఆ మాట సిద్ధాంతంగా నిజమే. మేము ఎన్నోసార్లు ప్రసంగించిన మాటే. కానీ అది ప్రసంగపీఠం మీద చెప్పే మాట. అన్నానికి పిలిచే మాట కాదు.

ఆ రోజుల్లోనే విలియం క్యామ్డెన్ అనే చరిత్రకారుడు 1605లో అచ్చయిన తన పుస్తకంలో ఇలాంటి పేర్లు కొన్ని ఎత్తిచూపాడు. వాటిలో 'డస్ట్' ఒకటి. ధూళి. నాటకాలవాళ్ళకైతే పండుగే. బెన్ జాన్సన్ 1614లో ఆడించిన నాటకంలో ఒక వేషధారి భక్తుడికి 'జీల్ ఆఫ్ ది లాండ్' అని పేరు పెట్టి లండను జనాన్ని నవ్వించాడు.

నవ్వు రానిది ఒకటి ఉంది. అదే ససెక్స్‌లో వాల్డ్రన్ అనే ఊరి రిజిస్టరులో 1609 నాటి ఒక బాప్తిస్మం. పెళ్ళి కాకుండా బిడ్డను కన్న ఒక స్త్రీ. మగబిడ్డ. వాడికి పెట్టిన పేరు 'ఫ్లై ఫార్నికేషన్'. జారత్వం నుండి పారిపో అని. పౌలు కొరింథీయులకు రాసిన హెచ్చరికే అది, మాట వాక్యంలోనిదే. కానీ తల్లి చేసిన తప్పును కొడుకు నుదుటి మీద రాసి ఊరిమీదకు వదిలారు. ఆ పేరు తల్లి పెట్టిందా, పాదిరి పెట్టాడా, పెద్దలు పెట్టించారా అనేది రిజిస్టరు చెప్పదు. ఎవరు పెట్టినా, ఆ రోజు బాప్తిస్మపు తొట్టి దగ్గర నిలబడినవాళ్ళలో ఏ పాపమూ చేయనివాడు ఆ పసివాడొక్కడే. యేసయ్య ఒక స్త్రీ విషయంలో నేలమీద వేలితో రాశాడు. నేలమీద రాసింది గాలికి చెరిగిపోతుంది. వీళ్ళు రిజిస్టరులో సిరాతో రాశారు. నాలుగు వందల ఏళ్ళయినా పోలేదు.

ఇలాంటి పేర్లు మోసినవాళ్ళు పెద్దయ్యాక ఏమయ్యారు? చాలామంది సంగతి తెలియదు. ఒకాయన సంగతి బాగా తెలుసు. నార్థియం అనే ఊళ్ళో జాన్ ఫ్రూవెన్ అనే ప్యూరిటన్ పాదిరి 1588లో పుట్టిన పెద్దకొడుక్కి 'యాక్సెప్టెడ్' అని పేరు పెట్టాడు. అంగీకరింపబడినవాడు. తమ్ముడికి 'థాంక్‌ఫుల్', కృతజ్ఞుడు. ఈ యాక్సెప్టెడ్ ఫ్రూవెన్ చదువుకొని ఆక్స్‌ఫర్డులో మాగ్డలెన్ కళాశాలకు అధ్యక్షుడయ్యాడు. తర్వాత బిషప్పు అయ్యాడు. ప్యూరిటన్లు ఏ ఆడంబరాలను, ఏ ఆచారాలను తిట్టారో వాటి పక్షానే నిలబడ్డాడు. అంతర్యుద్ధంలో రాజు వైపు ఉన్నాడు. క్రామ్‌వెల్ ఆయన తలకు వెల కడితే, ఆ ప్రకటనలో పేరు తప్పుపడి స్టీఫెన్ ఫ్రూవెన్ అని వచ్చిందట. ఆ సందులో ఆయన ఫ్రాన్సుకు తప్పించుకున్నాడు. అంత అరుదైన పేరు ఉండీ, తప్పు పేరు వల్ల బతికాడు. రాజరికం తిరిగి వచ్చాక 1660లో యార్క్ ఆర్చిబిషప్పు అయ్యాడు. ప్యూరిటన్ తండ్రి పెట్టిన పేరు ఆర్చిబిషప్పు కుర్చీ మీద కూర్చుంది! పేరు పెట్టి బిడ్డ బతుకు దారి ముందే గీసేయొచ్చు అనుకునేవాళ్ళు ఈయన కథ తప్పక చదవాలి.

ప్రెయిజ్ గాడ్ బేర్‌బోన్ పేరు కూడా మీలో కొందరు విని ఉంటారు. లండనులో తోలు వ్యాపారి, బోధకుడు. 1653లో క్రామ్‌వెల్ కూర్చిన సభలో సభ్యుడు. ఎగతాళి చేసేవాళ్ళు ఆ సభకే ఈయన పేరు తగిలించి 'బేర్‌బోన్ పార్లమెంటు' అన్నారు, చరిత్ర పుస్తకాల్లో నేటికీ అదే పేరు. ఈయన కొడుకు నికొలస్ బార్బన్. 1666లో లండను తగలబడిన తర్వాత ఇళ్ళకు అగ్ని బీమా వ్యాపారం మొదలుపెట్టినవాడు. తండ్రి అతనికి ఒక పూర్తి వాక్యం పొడవున పేరు పెట్టాడని, యేసు నీకోసం చనిపోకపోతే నీవు నరకానికి పోయేవాడివి అని దాని అర్థమని చెబుతుంటారు. యూట్యూబులోనూ తిరుగుతోంది. నమ్మదగిన రుజువు మాకు ఎక్కడా కనిపించలేదు గనుక ఆదివారం బడిలో దాన్ని చెప్పకండి.

1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికాకు పోయినవారి కుటుంబాల్లో ఇంకా మెత్తని పేర్లు కనిపిస్తాయి. సంఘపెద్ద విలియం బ్రూస్టర్ కొడుకులు లవ్, రెస్లింగ్. ప్రేమ, పోరాటం. యాకోబు దూతతో పెనుగులాడిన సంగతి గుర్తుకొస్తుంది. కూతుళ్ళు పేషెన్స్, ఫియర్, అంటే ఓర్పు, భయభక్తి. ఒక బిడ్డ నడిసముద్రంలో పుడితే ఓషియానస్ అన్నారు. వీటిలో కొన్ని నిలబడ్డాయి. పేషెన్స్, గ్రేస్, హోప్ లాంటివి ఇప్పటికీ ఆడపిల్లలకు పెడుతున్నారు. 'పాపానికి దుఃఖించు' మాత్రం నిలబడలేదు. జనం ఏ పాదిరినీ అడగకుండానే మోయగలిగిన పేర్లు ఉంచుకొని, మోయలేనివి దించేశారు.

మన తెలుగు క్రైస్తవుల ఇళ్ళలోనూ జరిగింది ఇంచుమించు ఇదే. కృపావరం, ఆశీర్వాదం, దేవసహాయం, సమాధానం, సంతోషం, సువార్తమ్మ, కరుణమ్మ. ఇవన్నీ ప్యూరిటన్ల పద్ధతిలోవే, కానీ వినడానికి తీపి. మన పెద్దలకు ఈ పేర్లు ఎందుకు అంత ఇష్టమో తెలియాలంటే అంతకుముందు వాళ్ళకు ఏ పేర్లు ఉండేవో తెలియాలి. దానికి మళ్ళీ లండను వెళ్ళి రావాలి.

1612లో లండను నగరంలో బిషప్స్‌గేట్ వీధి సెయింట్ హెలెన్స్ గుడి రిజిస్టరులో ఒక పేరు ఉంది. ఒక గొప్పవారి దొడ్డి వాకిలికి పోయే సందులో, బొగ్గు బూడిద కుప్పలో, ఆగస్టు ఆఖరు రోజున పుట్టిన బిడ్డను ఎవరో వదిలిపెట్టి పోయారు. మరునాడు గుడికి తెచ్చి బాప్తిస్మం ఇచ్చారు. పేరు యోబు, ఇంటిపేరు లేదు గనుక దాని స్థానంలో 'బూడిదలోనుంచి గీరి తీసినవాడు' అని రాశారు. ఆ మరునాడే బిడ్డ చనిపోయాడు. యోబు బూడిదలో కూర్చున్నాడు గదా. ఆ పేరు పెట్టినవాడు ఎవరోగాని, ఇంతసేపూ చెప్పిన పేర్లన్నిటిలోకీ మా మనసు దగ్గర ఆగిపోయిన పేరు ఇది. ఇందులో ఆ బిడ్డకు నీతి చెప్పడం లేదు. వాడికి జరిగిన సంగతిని మాత్రం దేవుని ఎదుట పెట్టారు.

ఇప్పుడు మన ఊళ్ళకు రండి. పెంటయ్య, పెంటమ్మ. మీలో ఎంతమంది తాతలు, అవ్వలు? పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, ఈసారి పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మాకొద్దని వదిలేసినట్టు నటించి, మళ్ళీ తెచ్చుకునేవారు. ఇంకోచోట ఇరుగుపొరుగు చేతికి బిడ్డనిచ్చి గుప్పెడు తవుడు ఇచ్చి కొనుక్కునేవారు. వాడు తవుడు, తవిటయ్య. పిల్ల తవిటమ్మ. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈ పేర్లు నేటికీ ఉన్నాయి. తినేసిన విస్తరాకులో దొర్లిస్తే పుల్లయ్య. బిచ్చమెత్తిన బియ్యంతో పేరు పెడితే బిచ్చమ్మ, బిక్షమయ్య. విలువలేని వస్తువనుకొని మృత్యువు దాటిపోతుందని ఆ తల్లుల ఆశ.

పట్నంలో చదువుకున్న మనుమలు ఈ పేర్లకు సిగ్గుపడతారు. ఆధార్ కార్డులో అవ్వ పేరు మార్పించవచ్చా అని ఒకరు మమ్మల్ని అడిగారు కూడా. 'సారీ ఫర్ సిన్' భక్తిగా వినిపిస్తుంది, 'పెంటమ్మ' నీచంగా వినిపిస్తుంది. కానీ ఏ పేరు వెనుక ఎవరున్నారో చూడండి. మొదటిదాని వెనుక చేతిలో పుస్తకం పట్టుకున్న పాదిరి. రెండోదాని వెనుక ముగ్గురు బిడ్డలను పూడ్చిపెట్టి, నాలుగో బిడ్డను ఏం చేసైనా బతికించుకోవాలని పెంటకుప్ప దగ్గరకు నడిచిన తల్లి. ఆమె నమ్మకం తప్పు కావచ్చు. ఆ ప్రేమను తప్పు పట్టడానికి మాకు నోరు రాదు.

అందరూ ఈ జాతివారు కాదని కూడా ఒప్పుకోవాలి. మహారాష్ట్రలో వరుసగా ఆడపిల్లలు పుడితే 'నకుశా' అని పేరు పెట్టడం ఉంది. అక్కరలేనిది అని అర్థం. 2011 అక్టోబరులో సతారా జిల్లాలో అలాంటి 285 మంది ఆడపిల్లలను అధికారులు ఒకచోట చేర్చి వాళ్ళకు కొత్త పేర్లు ఇచ్చారు. పెంటమ్మను వద్దన్నట్టు నటించారు. నకుశాను నిజంగానే వద్దన్నారు.

"అయ్యగారూ, క్రైస్తవులయ్యాక పాత పేరు ఉంచుకోవచ్చా?" అని కొత్త విశ్వాసులు అడుగుతుంటారు. ఒంగోలు ప్రాంతపు మాదిగ పల్లెల్లో సువార్త మొదట మోసుకెళ్ళిన యెర్రగుంట్ల పేరయ్య గారు 1866లో బాప్తిస్మం పొందారు. చనిపోయేదాకా పేరయ్యే. అంతకన్నా పెద్ద సాక్ష్యం రోమా పత్రిక పదహారో అధ్యాయం. మనం గబగబా చదివి దాటేసే పేర్ల జాబితా అది. హెర్మే అనేది గ్రీకుల దేవుడి పేరు. నేరెయ సముద్ర దేవుడి పేరు. వేరే పత్రికల్లో వచ్చే అపొల్లో, ఎపఫ్రొదితు కూడా అంతే, ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితే దేవత ఉంది. ఆ పత్రికను పౌలు చెబుతుంటే చేత్తో రాసినవాడు తెర్తియు. ఆ మాటకు మూడోవాడు అని అర్థం. ఆఖర్లో వందనాలు చెప్పినవాడు క్వర్తు, నాలుగోవాడు. బానిసలకు అలా లెక్క వేసినట్టు పేర్లు పెట్టేవారు. పౌలు మూడోవాడికి కొత్త పేరు పెట్టలేదు, కలం చేతికిచ్చాడు. వార్బుల్టన్ హేలీ గారు కూడా ఈ అధ్యాయం చదివే ఉంటారు. ఎలా చదివారో అడగాలని ఉంటుంది.

ఆయన జవాబు కూడా మాకు తెలుసు. హోషేయ అంటారు. దేవుడే హోషేయ పిల్లలకు లోరూహామా, లోఅమ్మీ అని పెట్టమన్నాడు గదా, జాలి పొందనిది, నా ప్రజ కానివాడు అని. యెషయా కొడుక్కి మహేరు షాలాల్ హాష్ బజ్ అని నోరు తిరగని పేరు పెట్టించాడు గదా. నిజమే. కానీ హోషేయ గ్రంథం రెండో అధ్యాయంలో ఆ రెండు పేర్లలోనూ ముందున్న 'లో' అనే అక్షరాన్ని దేవుడే తీసేశాడు. జాలి పొందినది, నా ప్రజ. యాకోబూ అలాగే చేశాడు. రాహేలు ప్రాణం పోతూ బిడ్డను బెనోని అంది, నా దుఃఖపుత్రుడని. చనిపోతున్న ఇల్లాలి ఆఖరి మాట. దాన్ని దాటడం ఏ భర్తకైనా ఎంత కష్టం! అయినా యాకోబు వాణ్ణి బెన్యామీను అన్నాడు. ఇంకొక తల్లి ప్రసవవేదన గుర్తుగా కొడుకుకు యబ్బేజు అని పెడితే, వాడు పెద్దయ్యాక ఆ వేదన నాకు వద్దని దేవుణ్ణే అడిగి తీర్చుకున్నాడు.

ఇదంతా ఇప్పుడు రాస్తున్నాం. ఆ రోజు మాకు తోచలేదు.

చాలా ఏళ్ళ క్రితం మన సంఘంలో ఒక యువకుడు ట్రాక్టరు బోల్తాపడి చనిపోయాడు. ఇల్లాలికి అప్పటికి ఎనిమిదో నెల. సమాధి కార్యక్రమం మేమే చేశాం. మూడు వారాలకు ఆడబిడ్డ పుట్టింది. బిడ్డ నాయనమ్మ వచ్చి పేరు చెప్పమంది. మా నోట్లో ఇంకా సమాధి ప్రసంగమే ఉంది. బైబిలులో దుఃఖానికి సంబంధించిన ఒక మాటను పేరుగా పెట్టాం. ఆ రాత్రి మా ఇంటివారు "ఆడపిల్లకు ఆ పేరేమిటండీ" అన్నారు. "వాక్యంలో ఉంది" అన్నాం. హేలీ గారు కూడా అదే అని ఉంటారు.

ఆ పిల్ల తొమ్మిదో తరగతి చదువుతుండగా ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. గడపలోనే నిలబడింది. మిఠాయి తెచ్చిందేమో అనుకున్నాం, చేతిలో బైబిలు ఉంది.

"అయ్యగారూ, ఒకటి అడగొచ్చా? నయోమి తనను మారా అని పిలవమంది కదా. ఆ తర్వాత ఆ పుస్తకంలో ఎవరైనా అలా పిలిచారా?"

రూతు గ్రంథం మీద మేము మూడు సార్లు ధ్యానాలు చెప్పాం. జవాబు మాకు వెంటనే రాలేదు. కూర్చోబెట్టి ఇద్దరం కలిసి చూశాం. నాలుగే అధ్యాయాలు. మారా అని ఆమె తనకు తాను పెట్టుకుంది, బేత్లెహేములో ఒక్కరూ అలా పిలవలేదు. రాసిన గ్రంథకర్త కూడా ఆ తర్వాత నయోమి అనే రాశాడు. చివర్లో ఊరి స్త్రీలు మనుమణ్ణి చూసి నయోమికి కొడుకు పుట్టాడన్నారు.

"మా నాన్న పోయినందుకు నాకు ఆ పేరు పెట్టారని నాయనమ్మ చెప్పింది. బడిలో అర్థం అడుగుతారు. నాన్న పోయాడని రోజూ చెప్పాల్సి వస్తుందండీ" అంది.

ఆ పిల్లకు క్షమాపణ చెప్పాం. అంత చిన్నపిల్లకు పెద్ద పాస్టరు క్షమాపణ చెబితే తనే బెదిరిపోయింది. తర్వాత చూస్తే దేవుని దయవల్ల ఒక వీలు ఉంది. పుట్టినప్పుడు జనన నమోదులో ఆడశిశువు అని మాత్రమే రాయించారు, పేరు ఎవరూ చేర్పించలేదు. 1969 నాటి జనన మరణాల చట్టం ప్రకారం బిడ్డ పేరును ఏడాదిలోపు ఉచితంగా, ఆ తర్వాత పదిహేనేళ్ళ వరకు ఆలస్య రుసుముతో చేర్పించవచ్చు. ఆ పిల్లకు పదిహేను నిండడానికి ఏడు నెలలు ఉంది. పదో తరగతి నామినల్ రోల్స్ పోకముందే తల్లి వెళ్ళి కొత్త పేరుతో జనన పత్రం తెచ్చి హెడ్మాస్టరు గారికి ఇచ్చింది. మీ ఇళ్ళలో ఎవరికైనా ఇలా పేరు చేర్చకుండా మిగిలిపోతే వయసు చూసుకోండి, గడువు దాటనివ్వకండి.

కొత్త పేరు ఆ పిల్ల తానే పెట్టుకుంది. ఏమిటో ఇక్కడ రాయం, పాతదీ రాయం. బైబిలు పేరు మాత్రం కాదు. ఇప్పుడు నర్సుగా పనిచేస్తోంది. పండుగకు వచ్చినప్పుడు మా ఇంటివారికి చీర తెస్తుంది.

ఈ కథంతా ఆ దంపతులకు చెప్పాం, రెండు వారాల తర్వాత. ఆ తల్లి ఫోనులో మిగిలిన పదకొండు పేర్లలో ఈకాబోదు కూడా ఉంది, దాన్ని కూడా కొట్టేసింది. అప్పుడు ఆ తండ్రి, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదండీ, మా నాన్నమ్మ పెంటమ్మ అన్నాడు. ఆమె కన్నవాళ్ళలో మొదటి ఇద్దరూ పోయారట, ఈయన నాన్న మూడోవాడట. కాసేపు ఆమె గురించే మాట్లాడుకున్నాం. ఇంకొంచెంసేపటికి వాళ్ళే ఒక పేరు అనుకున్నారు. మన సంఘంలో ఆ పేరుతో ఇప్పటికే నలుగురున్నారు. ఇక ఐదుగురు. వెనకనుంచి పిలిస్తే ఐదుగురూ తల తిప్పుతారు.

ప్రతిష్ఠ ఈ నెల ఆఖరి ఆదివారం. భోజనాలు వాళ్ళ ఇంటి దగ్గరే, అందరూ రావాలని చెప్పమన్నారు.